అంటార్కిటికా: మూడు రకాల మంచు, రెండు రకాల నేల

సంక్షిప్తంగా: అంటార్కిటికాలో మంచు పెరిగిందని ఒక ఏడాది, తరిగిందని మరో ఏడాది వచ్చే వార్తలు చాలావరకు వేర్వేరు మంచుల గురించినవి. నేల మీద పేరుకున్న హిమఫలకం, దాని అంచున నీటిపై తేలే మంచుపలకలు, ఏటా చలికాలంలో సముద్రం పైన గడ్డకట్టే పలుచని పొర అనే మూడింటి స్వభావాలూ వేరు. ఖండంలో తూర్పు భాగం చాలావరకు ఎత్తైన నేల మీద, పడమటి భాగం చాలావరకు సముద్రమట్టానికి దిగువనున్న పల్లాల్లో ఉండటం వల్ల, వేడెక్కుతున్న ప్రపంచానికి అవి స్పందించే తీరు కూడా వేరుగా ఉంటుంది.

2014 సెప్టెంబరులో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. ఉపగ్రహాలతో నిలకడగా కొలవడం మొదలైన 1979 నుంచి అది అంత విస్తారంగా ఎన్నడూ పరుచుకోలేదు. 2023 సెప్టెంబరుకు వచ్చేసరికి అదే చలికాలపు గరిష్ఠం 1.7 కోట్ల చదరపు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయి, అప్పటిదాకా ఉన్న గరిష్ఠాలన్నిటిలోకీ తక్కువగా నమోదైంది. మరో కొలత ఇంకో సంగతి చెప్పింది. దాదాపు రెండు దశాబ్దాలుగా మొత్తమ్మీద బరువు కోల్పోతూ వచ్చిన హిమఫలకం, 2021 నుంచి 2023 వరకు భారీ హిమపాతం వల్ల కొంత బరువు పుంజుకుంది. ఈ వార్తలు ఒకదాన్నొకటి కొట్టివేస్తున్నట్టు పాఠకులకు అనిపించడం సహజమే. కానీ మూడూ సరైనవే. ఏ మంచు, ఖండంలో ఏ వైపు, ఎలాంటి నేల మీద అన్న వివరం లేకుండా "అంటార్కిటికా మంచు పెరుగుతోందా, తరుగుతోందా?" అన్న ప్రశ్నకు అర్థవంతమైన జవాబు ఉండదు. ఆ వివరం ఆ ఖండపు భౌగోళిక నిర్మాణంలోనే ఉంది.

మంచు ఒకటి కాదు

అంటార్కిటికా వైశాల్యం సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు. అందులో 98 శాతానికి పైగా నేలను మంచు కప్పేసింది. సగటున దాదాపు 2 కిలోమీటర్ల మందాన, కొన్నిచోట్ల 4,700 మీటర్లకు పైగా పేరుకున్న ఈ గుట్టనే హిమఫలకం అంటారు. ప్రపంచంలోని మొత్తం మంచులో 90 శాతం వరకు ఇక్కడే ఉంది. కరగని చోట ఏటా కురిసిన మంచు మీద మరుసటి ఏటి మంచు పడి, అడుగు పొరలు బరువుకు నలిగి, గాలిబుడగలతో సహా గట్టి గడ్డగా మారడం వల్ల ఇది ఏర్పడింది. ఇది గట్టి పదార్థమే అయినా కదలకుండా ఉండదు. తన బరువుకు తానే నలుగుతూ, చాలా చిక్కటి ద్రవం పారినట్టు, ఖండం నడిబొడ్డు నుంచి సముద్రం వైపు జరుగుతూ ఉంటుంది. లోపలి పీఠభూమి మీద ఆ కదలిక ఏడాదికి కొద్ది మీటర్లే. తీరం దగ్గర ఇరుకు దారుల్లో పడ్డాక అదే మంచు హిమానీనదమై ఏడాదికి వందల మీటర్లు, పైన్ ఐలాండ్ హిమానీనదం వంటి చోట 4 కిలోమీటర్ల వరకు పరుగెడుతుంది.

హిమఫలకం సముద్రంలోకి చేరిన చోట వెంటనే విరిగిపోదు. కొంతదూరం నేలకు ఆనుకునే సాగి, ఒక గీత దాటాక నీటిపైకి లేచి తేలుతుంది. శాస్త్రవేత్తలు గ్రౌండింగ్ లైన్ అని పిలిచే ఆ గీతకు ఇవతల ఉన్నది నేల మోస్తున్న మంచు, అవతల ఉన్నది నీరు మోస్తున్న మంచు. అవతలి భాగమే తేలే మంచుపలక. రాస్ సముద్రం మీది మంచుపలక ఒక్కటే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. వందల మీటర్ల మందం ఉన్న ఆ పలక, సముద్రంలోకి చూసే అంచు దగ్గర నిలువు గోడలా కనిపిస్తుంది.

మూడోది సముద్రపు మంచు. ఇది కురిసిన మంచు కాదు, సముద్రపు నీరే గడ్డకట్టగా వచ్చిన పొర. దాని మందం చాలాచోట్ల ఒకటి రెండు మీటర్లకు మించదు. వేసవి చివర, అంటే ఫిబ్రవరిలో, సగటున 30 లక్షల చదరపు కిలోమీటర్ల దగ్గర ఉండే ఈ పొర సెప్టెంబరుకల్లా 1.85 కోట్ల చదరపు కిలోమీటర్ల వరకు పెరుగుతుంది. భూమి మీద ఏటా జరిగే మార్పుల్లో ఇంత పెద్దవి అరుదు. ఖండమంత వైశాల్యానికి మించిన తెల్లటి పొర ఆరేడు నెలల్లో పుట్టి, మిగతా నెలల్లో కరిగిపోతుంది.

సముద్రమట్టం లెక్కకు వస్తే ఈ మూడింటి మధ్య తేడా చాలా ముఖ్యం. నిండు గ్లాసులో తేలుతున్న మంచుముక్క కరిగినా నీరు పొర్లిపోదు, ఎందుకంటే తేలేటప్పుడే అది తన బరువుకు సరిపడా నీటిని పక్కకు నెట్టేసింది. అందువల్ల సముద్రపు మంచు కరగడం గానీ, తేలే మంచుపలక విరగడం గానీ నేరుగా సముద్రమట్టాన్ని చెప్పుకోదగినంత పెంచవు. నేల మీది మంచు నీటిలోకి జారినప్పుడే మట్టం పెరుగుతుంది. అంటార్కిటికా హిమఫలకం మొత్తం కరిగితే ఆ పెరుగుదల సుమారు 58 మీటర్లు ఉంటుంది. అది మొత్తంగా కరిగే అవకాశం సమీప శతాబ్దాల్లో లేదు, కాబట్టి ఆ అంకెను హెచ్చరికగా కాక పరిమాణం తెలిపే కొలతగా మాత్రమే చూడాలి.

అలాగని తేలే మంచుపలకలను పట్టించుకోనక్కర్లేదని కాదు. వెనుక నుంచి తోసుకొస్తున్న హిమానీనదాలను అవి అడ్డుగోడలా నిలువరిస్తాయి. ఈ విషయం 2002లో కళ్లముందే రుజువైంది. అంటార్కిటికా ద్వీపకల్పం తూర్పు తీరాన లార్సెన్ బి మంచుపలకలో సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల భాగం ఒక నెలకు కాస్త ఎక్కువ కాలంలో ముక్కచెక్కలైంది. వేసవిలో పైన చేరిన కరుగునీరు పగుళ్లలోకి దిగి, తన బరువుతో వాటిని అడుగుదాకా చీల్చింది. అది పోయాక దాని వెనుక ఉన్న హిమానీనదాల వేగం కొన్ని రెట్లు పెరిగింది. తేలే మంచు పోవడం వల్ల కాదు, అడ్డు తొలగడం వల్ల నేల మీది మంచు సముద్రంలోకి వచ్చిపడింది. 2017లో లార్సెన్ సి నుంచి విడిపోయిన 5,800 చదరపు కిలోమీటర్ల ఎ68 మంచుకొండ సంగతి వేరు. అంచు ముందుకు పెరగడం, కొంతకాలానికి ఒక ముక్క విరిగిపోవడం మంచుపలకల సాధారణ జీవితక్రమమే. పెద్ద మంచుకొండ విరిగిన ప్రతిసారీ దాన్ని వాతావరణ మార్పుకు సాక్ష్యంగా చూపడం సరికాదు. విరిగినదాని పరిమాణం కంటే, విరిగాక వెనుక మంచు వేగం మారిందా లేదా అన్నదే చూడవలసిన గుర్తు.

నేల చూపే తేడా

దక్షిణ ధ్రువం దగ్గర నిలబడితే ఎటు తిరిగినా ఉత్తరమే. అలాంటి ఖండానికి తూర్పు, పడమర అన్న పేర్లు గ్రీనిచ్ రేఖకు ఏ వైపు ఎక్కువ భాగం ఉందన్న దాన్ని బట్టి వచ్చాయి. పేర్లు ఇలా లాంఛనంగా వచ్చినవే అయినా, వాటి మధ్య విభజన మాత్రం వాస్తవమైనది. దాదాపు 3,500 కిలోమీటర్ల పొడవున ఖండాన్ని అడ్డంగా చీల్చుతూ సాగే ట్రాన్స్అంటార్కిటిక్ పర్వతాలే ఆ సరిహద్దు.

తూర్పు అంటార్కిటికా పురాతన శిలలతో కూడిన పెద్ద, గట్టి భూభాగం. దాని మీది మంచు 3 వేల మీటర్లు దాటిన పీఠభూమిగా లేచి, డోమ్ ఎ దగ్గర సుమారు 4,090 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అదే ప్రాంతంలో మంచు కింద ఆల్ప్స్‌తో పోల్చదగిన గంబుర్త్‌సెవ్ పర్వతాలు పూర్తిగా పూడుకుపోయి ఉన్నాయి. 1958లో సోవియట్ యాత్రికులు భూకంప తరంగాల పరీక్షల ద్వారా వాటి ఉనికిని కనిపెట్టే వరకు, చదునుగా కనిపించే ఆ మంచు కింద ఒక పర్వతశ్రేణి ఉందని ఎవరికీ తెలియదు. ఇంకోచోట దాదాపు 4 కిలోమీటర్ల మంచు కింద, సుమారు 250 కిలోమీటర్ల పొడవైన వోస్టాక్ సరస్సు ద్రవరూపంలోనే ఉంది. పైనున్న మంచు ఒత్తిడికి నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు మూడు డిగ్రీలు దిగువకు పోతుంది. కింది నుంచి భూగర్భ వేడి తగులుతుంది, మందపాటి మంచు ఆ వేడిని పైకి పోనివ్వదు. భూమ్మీద అత్యంత శీతల ప్రదేశాల్లో ఒకటైన చోటి అడుగున నీరు నీరుగానే ఉండటానికి కారణం ఇదే.

పడమటి అంటార్కిటికా కథ పూర్తిగా వేరు. ఖండంలోకెల్లా ఎత్తైన విన్సన్ శిఖరం, 4,892 మీటర్లతో, ఇక్కడే ఉంది. కానీ శిఖరాలను పక్కన పెడితే దీని నేలలో అధికభాగం సముద్రమట్టానికి దిగువనే ఉంది. బెంట్లీ కందకం అయితే సుమారు 2,500 మీటర్ల లోతుకు దిగిపోయింది. అంటే ఇక్కడి హిమఫలకం భూమి మీద కూర్చున్నట్టు పైకి కనిపించినా, నిజానికి సముద్రపు అడుగున కూర్చుని ఉంది. మంచును తీసివేసి చూస్తే మిగిలేది ఒకే భూభాగం కాదు, కొన్ని పర్వతాలు, వాటి మధ్య లోతైన సముద్రం, చెదురుమదురు దీవులు. ఇక్కడి మంచుకు సముద్రమట్టాన్ని మీటర్ల కొద్దీ పెంచే శక్తి ఉంది. తూర్పున ఉన్న 50 మీటర్లకు పైబడిన నిల్వతో పోలిస్తే అది కొంచెమే. అయినా శాస్త్రవేత్తల దృష్టంతా పడమర మీదే నిలవడానికి కారణం పరిమాణం కాదు, ఆ నేల ఆకారం.

తూర్పు అంతా భద్రం అనుకోవడమూ పొరపాటే. విమానాల నుంచి పంపే రేడియో తరంగాలు చల్లని మంచులోంచి దూసుకెళ్లి అడుగు రాతిని తాకి తిరిగొస్తాయి. ఆ ప్రతిధ్వనులను, మంచు వేగం కొలతలను కలిపి 2019లో రూపొందించిన పటంలో, తూర్పు అంటార్కిటికాలోని డెన్మన్ హిమానీనదం కింద సముద్రమట్టానికి 3,500 మీటర్ల దిగువకు పోయిన లోయ బయటపడింది. సముద్రం కప్పని చోట భూమి మీద తెలిసిన లోయల్లో అంతకంటే లోతైనది లేదు. టాటన్ హిమానీనదం కూడా ఇలాంటి పల్లపు ప్రాంతం నుంచే మంచును బయటికి తెస్తోంది. కాబట్టి అసలు విభజన తూర్పు, పడమరల మధ్య కంటే, సముద్రమట్టానికి ఎగువ నేలకు, దిగువ నేలకు మధ్య ఉందనడం మరింత కచ్చితం.

అడవి నుంచి మంచుకు

ఈ ఖండం ఎప్పుడూ ఇలా లేదు. గోండుల నేల పేరుతో పిలిచే గోండ్వానా మహాఖండంలో ఇది ఒక భాగం. 1912లో ధ్రువం నుంచి తిరిగివస్తూ, ప్రాణాల మీదికి వచ్చిన స్థితిలో కూడా బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం 16 కిలోల రాళ్లను వదలకుండా బండి మీద లాక్కొచ్చింది. వాటిలో గ్లోసాప్టెరిస్ అనే అంతరించిన వృక్షజాతి శిలాజాలు ఉన్నాయి. దక్షిణాది ఖండాలన్నిటిలో దొరికే ఆ ఆకుల ముద్రలు, అవన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నాయన్న వాదనకు బలమైన ఆధారాలయ్యాయి. పడమటి అంటార్కిటికా తీరాన సముద్రపు అడుగు నుంచి తీసిన మట్టిలో 9 కోట్ల ఏళ్ల నాటి చిత్తడి అడవి వేళ్లు, పుప్పొడి కనిపించాయి. అప్పటికే ఆ ప్రదేశం ధ్రువానికి దగ్గరలోనే ఉంది. అంటే ధ్రువం దగ్గర ఉండటం ఒక్కటే మంచుకు సరిపోదు.

సుమారు 3.4 కోట్ల ఏళ్ల కిందట గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతూ వచ్చింది. దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా దూరంగా జరగడంతో ఖండం చుట్టూ సముద్ర మార్గాలు తెరుచుకున్నాయి. ఈ రెండింటిలో దేని వాటా ఎంత అన్న చర్చ సాగుతున్నా, రెండూ ఒకే దిశలో పనిచేశాయన్నది స్పష్టం. ఆ మార్గాల్లో నేటికీ అంటార్కిటికాను చుట్టి తిరిగే ప్రవాహం, ప్రపంచంలోని నదులన్నీ కలిసి మోసే నీటికి నూరు రెట్లకు పైగా నీటిని మోస్తుంది. భూమి చుట్టూ ఎక్కడా నేల అడ్డు రాకుండా ప్రవహించే సముద్ర ప్రవాహం ఇదొక్కటే. ఉష్ణమండలపు వెచ్చని ఉపరితల జలాలు ఖండం దాకా రాకుండా అది అడ్డుపడుతుంది.

ఇంత చలి ఎందుకు

ధ్రువాల మీద ఎండ ఏటవాలుగా పడుతుంది కనుక చలి ఎక్కువ అన్నది బడి పుస్తకాల జవాబు. అది సరైనదే కానీ అసంపూర్ణం. డిసెంబరు చివరలో దక్షిణ ధ్రువం మీద సూర్యుడు 24 గంటలూ అస్తమించడు. ఆ రోజుల్లో వాతావరణం పైఅంచుకు చేరే సౌరశక్తిని రోజు మొత్తానికి లెక్కగడితే, భూమధ్యరేఖ మీద కంటే ధ్రువం మీదే ఎక్కువ. అయినా ఆ రోజుల్లో అక్కడి ఉష్ణోగ్రత మైనస్ 25, 30 డిగ్రీల చుట్టే ఉంటుంది. అందిన వెలుగును నిలుపుకోలేకపోవడమే అందుకు కారణం.

తాజా మంచు తన మీద పడే ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి తిప్పికొడుతుంది. దానికి ఎత్తు తోడవుతుంది. అన్ని ఖండాల్లోకీ సగటు ఎత్తు ఎక్కువ ఉన్నది అంటార్కిటికాకే, అదీ నేల వల్ల కాదు, మంచు వల్ల. ధ్రువం దగ్గర ఉపరితలం 2,835 మీటర్ల ఎత్తున ఉంటే అందులో దాదాపు 2,700 మీటర్లు మంచే. కిలోమీటరు ఎత్తుకు ఆరేడు డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కనుక, పేరుకున్న మంచే మరింత చలిని తెచ్చిపెడుతోంది. ఆ ఎత్తులో గాలి పలుచన, అందులో నీటి ఆవిరి దాదాపు శూన్యం. వేడిని పట్టి ఉంచే దుప్పటి లేకపోవడంతో, ఆరు నెలల రాత్రిలో ఉపరితలం తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. ఫలితంగా నేలను ఆనుకున్న గాలి, కొన్ని వందల మీటర్ల పైనున్న గాలి కంటే 20 డిగ్రీలకు పైగా చల్లగా మారే స్థితి తరచుగా వస్తుంది.

ఇక్కడి చలికాలానికి ఇంకో విశేషం ఉంది. మిగతా చోట్ల చలి నెమ్మదిగా ముదిరి, నడిమధ్య ఒక తీవ్ర దశకు చేరి, మళ్లీ తగ్గుతుంది. పీఠభూమి మీద మాత్రం ఏప్రిల్ నాటికే ఉష్ణోగ్రత పాతాళానికి పడిపోయి, సెప్టెంబరు దాకా దాదాపు అక్కడే ఉండిపోతుంది. సూర్యుడు పోగానే పోవలసిన వేడి అంతా త్వరగా పోతుంది, ఆ తరువాత పోవడానికి మిగిలేది తక్కువ. గాలి కదలని, మబ్బులేని రాత్రులు వరసగా వచ్చినప్పుడు కొత్త రికార్డులు నమోదవుతాయి. 1983 జూలై 21న వోస్టాక్ కేంద్రంలో నమోదైన మైనస్ 89.2 డిగ్రీల సెల్సియస్, నేల మీది పరికరాలు చూపిన అత్యల్ప ఉష్ణోగ్రత. పీఠభూమి మీది చిన్న పల్లాల్లో మంచు ఉపరితలం మైనస్ 98 డిగ్రీల దాకా చల్లబడుతుందని ఉపగ్రహాల కొలతలు చెప్పాయి.

ఉత్తర ధ్రువంతో పోలిస్తే ఈ తేడా మరింత తేటపడుతుంది. ఆర్కిటిక్ అంటే నేల చుట్టుముట్టిన సముద్రం, అంటార్కిటికా అంటే సముద్రం చుట్టుముట్టిన నేల. ఉత్తర ధ్రువం దగ్గర కొద్ది మీటర్ల మంచు కిందే సముద్రం ఉంది. ఆ నీరు మైనస్ 2 డిగ్రీల దిగువకు పోదు కనుక చలికాలమంతా పైకి వేడిని అందిస్తూనే ఉంటుంది. దక్షిణ ధ్రువం కింద అలాంటి ఆధారం లేదు. అందుకే చలికాలపు సగటు ఉత్తరాన మైనస్ 40 చుట్టూ ఆగితే, దక్షిణాన మైనస్ 60కి చేరుతుంది.

మంచు కొండంత, వాన చుక్కంత

నీటిని లెక్కలోకి తీసుకుంటే పీఠభూమి ఎడారే. అక్కడ ఏడాదికి కురిసే మంచును కరిగిస్తే వచ్చే నీరు 50 మిల్లీమీటర్లకు మించదు. గాలి అంత చల్లగా ఉంటే అందులో ఆవిరి ఇమడదు. చాలాచోట్ల మబ్బు లేని ఆకాశం నుంచే సన్నని మంచు పలుకులు ధూళిలా రాలుతుంటాయి. అయినా కిలోమీటర్ల మంచు పేరుకుందంటే, రాలినది కరగకుండా లక్షల ఏళ్లు నిలిచింది కనుకే. ఆ నిలకడే ఇక్కడి మంచును ఒక చరిత్ర గ్రంథంగా మార్చింది. తూర్పు పీఠభూమి మీది డోమ్ సి అనే ఎత్తైన చోట తవ్వి తీసిన మంచుకడ్డీలో 8 లక్షల ఏళ్ల నాటి వరకు గాలిబుడగలు ఉన్నాయి. ఆ కాలమంతటిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు సుమారు 170 నుంచి 300 మధ్యే ఊగింది. నేడు అది 420 దాటింది.

పీఠభూమి మీద చల్లబడి బరువెక్కిన గాలి, వాలు వెంబడి నీటిలాగే కిందికి జారుతుంది. కటాబాటిక్ గాలులంటే ఇవే. తీరం చేరేసరికి లోయల్లో ఇరుక్కుని అవి భీకర వేగం అందుకుంటాయి. 1912, 1913లలో ఆస్ట్రేలియా అన్వేషకుడు డగ్లస్ మాసన్ బృందం విడిది చేసిన కేప్ డెనిసన్ దగ్గర ఏడాది పొడవునా తీసిన సగటు గాలివేగమే గంటకు 70 కిలోమీటర్ల చుట్టూ ఉంది. మెక్‌మర్డో పొడి లోయలు మంచు లేకుండా బోసిగా ఉండటంలో ఈ గాలుల పాత్ర పెద్దది. పర్వతాలు హిమఫలకాన్ని అడ్డుకుంటే, దిగివచ్చే పొడిగాలి కురిసిన కొద్ది మంచును కూడా ఆవిరి చేసేస్తుంది.

ఈ గాలుల ప్రభావం తీరంతో ఆగదు. అవి అప్పుడే గడ్డకట్టిన సముద్రపు మంచును ఒడ్డు నుంచి నెట్టేస్తే, తెరిపిన పడ్డ నీరు మళ్లీ గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులోకి పోకుండా కింది నీటిలోనే మిగిలిపోతుంది. అలా ఉప్పదనం, చల్లదనం రెండూ పెరిగిన నీరు బరువెక్కి సముద్రపు అడుగుకు దిగి, ఉత్తరాన సుదూరం వరకు మహాసముద్రాల లోతులను నింపుతుంది. ప్రపంచ సముద్రాల్లో అట్టడుగున ఉన్న నీటిలో ఎక్కువ భాగం పుట్టినిల్లు ఈ తీరమే.

సముద్రపు మంచు తిరగబడిన తీరు

ఆర్కిటిక్‌లో సముద్రపు మంచు దశాబ్దాలుగా తరుగుతుంటే, దక్షిణాన 2014 వరకు అది స్వల్పంగా పెరుగుతూ రావడం చాలాకాలం గందరగోళం సృష్టించింది. ఇక్కడా మొదటి కారణం భూగోళమే. దక్షిణాన మంచుకు బయటి అంచున నేల లేదు. గాలి ఎంత నెడితే అంత విస్తరిస్తుంది, గాలి దిశ మారితే కుదించుకుపోతుంది. వైశాల్యం పెరిగినంత మాత్రాన సముద్రం చల్లబడినట్టు కాదు.

ఆ గాలుల్లో ఓజోన్ రంధ్రానికీ పాత్ర ఉంది. హాలీ కేంద్రంలో కొలతలు తీసిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు దీన్ని 1985లో ప్రకటించారు. చలికాలపు స్ట్రాటో ఆవరణంలో ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీల దిగువకు పోయినప్పుడు ఏర్పడే ప్రత్యేక మబ్బుల మీద క్లోరోఫ్లోరోకార్బన్‌ల నుంచి వచ్చిన క్లోరిన్ చురుకైన రూపం పొందుతుంది, వసంతపు తొలి ఎండతో ఓజోన్‌ను నాశనం చేస్తుంది. ఓజోన్ తగ్గితే ఆ పొర ఎండ వేడిని పీల్చుకోలేక మరింత చల్లబడుతుంది. దాంతో ధ్రువానికి, మధ్య అక్షాంశాలకు మధ్య ఉష్ణోగ్రతల తేడా పెరిగి, ఖండాన్ని చుట్టే పడమటి గాలులు బలపడి ధ్రువం వైపు జరిగాయి. 1987 మాంట్రియల్ ఒప్పందం తరువాత ఆ రసాయనాలు తగ్గుముఖం పట్టాయి. ఇక్కడి ఓజోన్ పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థాయికి చేరుతుందని ప్రపంచ వాతావరణ సంస్థ అంచనా.

2016 నుంచి పరిస్థితి తలకిందులైంది. ఉపరితలం కింద దశాబ్దాలుగా నిల్వ అవుతూ వచ్చిన సముద్రపు వేడి పైకి చేరడం, గాలుల తీరు మారడం కలిసి మంచును వేగంగా తగ్గించాయి. 2023 ఫిబ్రవరి కనిష్ఠం 18 లక్షల చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువే. దీని పర్యవసానాలు సముద్రమట్టం రూపంలో కనిపించవు, వేరే దారుల్లో వస్తాయి. తెల్లటి పొర స్థానంలో నల్లటి నీరు తేలితే ఎండ వేడిని సముద్రం పీల్చుకుంటుంది. తేలే మంచుపలకల అంచులకు అలల తాకిడి నేరుగా తగులుతుంది. మంచు మీదే పిల్లలను పెంచే ఎంపరర్ పెంగ్విన్‌లకు కాళ్ల కింద నేల పోయినట్టే. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్ర ప్రాంతంలో గమనించిన ఐదు ఆవాసాల్లో నాలుగింటిలో, కూనలకు ఈత ఈకలు రాకముందే మంచు విరిగిపోవడంతో ఆ ఏటి సంతానం దాదాపు పూర్తిగా నష్టపోయింది.

పడమర: అడుగు నుంచి కరగడం

పడమటి అంటార్కిటికాలో మంచు కరుగుతున్నది పైనుంచి కాదు. అక్కడి గాలి ఇప్పటికీ ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టించేంత చల్లగానే ఉంటుంది. ఖండాన్ని చుట్టే ప్రవాహపు లోతుల్లో గడ్డకట్టే స్థాయి కంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చనైన ఉప్పునీరు ఉంటుంది. ఉప్పు ఎక్కువ కనుక అది బరువైనది, అందుకే వెచ్చనైనా అడుగునే పారుతుంది. అముండ్‌సెన్ సముద్రం దగ్గర ఖండపు అంచున పాత హిమయుగాల్లో హిమానీనదాలు చెక్కిన లోతైన కాలువలే ఆ నీటికి దారులవుతున్నాయి. బలపడిన పడమటి గాలులు పైనీటిని పక్కకు నెట్టినకొద్దీ ఈ నీరు గ్రౌండింగ్ లైన్ దాకా చొచ్చుకొస్తుంది.

అక్కడ నేల వాలు కీలకం. సాధారణంగా తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తు పెరుగుతుంది. అముండ్‌సెన్ సముద్రంలోకి పారే థ్వైట్స్ హిమానీనదం కింద అది లోపలికి పోయేకొద్దీ లోతవుతుంది. గ్రౌండింగ్ లైన్ వెనక్కి జరిగితే మరింత లోతైన చోటికి చేరుతుంది, అక్కడ మంచు మరింత మందం. మందం పెరిగితే సముద్రంలోకి పారే మంచు పరిమాణం పెరుగుతుంది, దాంతో గీత ఇంకా వెనక్కి పోతుంది. ఈ విష వలయాన్ని హిమానీనదాల శాస్త్రవేత్త హాన్స్ వీర్ట్‌మన్ 1974లోనే సిద్ధాంతంగా వివరించారు. 1978లో మరో హిమానీనదాల శాస్త్రవేత్త జాన్ మెర్సర్, కార్బన్ డయాక్సైడ్ పెరుగుదల ఇలాగే సాగితే పడమటి హిమఫలకానికి ముప్పు తప్పదని హెచ్చరించారు.

సుమారు 120 కిలోమీటర్ల వెడల్పైన థ్వైట్స్ ఒక్కటే నేడు ప్రపంచ సముద్రమట్టపు పెరుగుదలలో 4 శాతానికి కారణం. అది పూర్తిగా పోతే మట్టం 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. 2020లో దాదాపు 600 మీటర్ల మంచుకు రంధ్రం వేసి కిందికి దింపిన రోబో ఆశ్చర్యకరమైన సంగతి చూపింది. చదునైన అడుగుభాగంలో పలుచని మంచినీటి పొర రక్షణగా ఉండటంతో కరుగుదల అనుకున్నంత వేగంగా లేదు. పగుళ్లలోనూ నిటారు వాలుల్లోనూ మాత్రం వెచ్చని నీరు మంచును వేగంగా తొలిచేస్తోంది. సగటు అంకె చిన్నదైనా, బలహీనమైన చోట్లే దెబ్బ తగులుతోందని దీని అర్థం.

తూర్పు: వేడెక్కితే మంచు కురవడం

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. అతి చల్లని ఖండం మీద దాని ఫలితం కరుగుదల కాదు, అదనపు హిమపాతం. 2022 మార్చి మధ్యలో ఉత్తరం నుంచి వచ్చిన తేమగాలుల పెద్ద పాయ తూర్పు పీఠభూమిని తాకినప్పుడు, డోమ్ సి దగ్గర ఉష్ణోగ్రత ఆ కాలపు మామూలు స్థాయి కంటే దాదాపు 39 డిగ్రీలు పెరిగి మైనస్ 12 చుట్టూ వచ్చింది. ప్రపంచంలో ఎక్కడా నమోదైన వేడిగాలుల్లో మామూలుకు ఇంత దూరం జరిగినవి లేవు. లోపలి భాగాల్లో భారీగా మంచు కురిసింది. అవే రోజుల్లో తీరాన, ముందునుంచే బలహీనపడి ఉన్న సుమారు 1,200 చదరపు కిలోమీటర్ల కాంగర్ మంచుపలక కూలిపోయింది. 2021–23 మధ్య బరువు పెరిగిందన్న వార్త వెనుక ఉన్నది ఇలాంటి హిమపాతమే. ఆ పెరుగుదల నిజమే. కానీ ఆ కాలంలోనూ పడమటి హిమానీనదాలు మంచును కోల్పోవడం ఆగలేదు. 1992 నుంచి 2020 వరకు లెక్క చూస్తే ఖండం నికరంగా 2.6 లక్షల కోట్ల టన్నులకు పైగా మంచును పోగొట్టుకుంది, సముద్రమట్టం అందువల్ల 7 మిల్లీమీటర్లకు పైగా పెరిగింది. హిమపాతం ఏటికేడు మారే ఆదాయం లాంటిదైతే, వెనక్కి జరిగిన గ్రౌండింగ్ లైన్ మూలధనంలో పడ్డ కోత.

పోయిన మంచు ఎక్కడ తేలుతుంది

వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘం 2021 నివేదిక ప్రకారం 2100 నాటికి సగటు సముద్రమట్టం, ఉద్గారాలను బట్టి, 1995–2014 స్థాయి కంటే 0.28 నుంచి 1.01 మీటర్ల వరకు పెరిగే అవకాశం ఉంది. హిమఫలకాలు అనూహ్యంగా కూలితే అది 2 మీటర్లకు చేరువ కావడాన్ని తోసిపుచ్చలేమని కూడా అందులో ఉంది. ఈ అంచనాల్లో అనిశ్చితికి పెద్ద మూలం అంటార్కిటికాయే.

అయితే సగటు అన్నది ఏ తీరానికీ వర్తించని అంకె. హిమఫలకం ఎంత బరువైనదంటే తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంటుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి, లాగి ఉంచిన నీరు దూరంగా తరలిపోతుంది. బరువు దిగిన నేల మెల్లగా పైకి లేస్తుంది. దీంతో హిమఫలకం కరుగుతున్న చోటికి సుమారు 2,000 కిలోమీటర్ల లోపు సముద్రమట్టం పెరగకపోగా తగ్గవచ్చు. పడమటి అంటార్కిటికా కోల్పోయే మంచు ప్రభావం సగటు కంటే ఎక్కువగా తగిలేది భూమికి అవతలి వైపున, ఉత్తరార్ధగోళపు తీరాల్లో. కొన్నిచోట్ల అది సగటుకు పావువంతు దాకా అదనం. గ్రీన్‌లాండ్ మంచు విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. అక్కడ కరిగిన నీరు ఎక్కువగా పెంచేది దక్షిణ సముద్రాల మట్టాన్ని. అలా పెరిగిన మట్టం థ్వైట్స్ వంటి హిమానీనదాలను నేల నుంచి కొద్దిగా పైకి లేపితే, గ్రౌండింగ్ లైన్ వెనక్కి జరగడానికి అదీ ఒక తోపు అవుతుంది.